మావాడే

ఫిబ్రవరి 3

అక్కకి,

మన మరిది చంటి క్షేమంగా చేరాడు. ఆ మాట ముందు రాయకపోతే మిగతా ఉత్తరం నువ్వు చదవవని నాకు తెలుసు. బస్సు దిగి ఎవరినీ దారి అడక్కుండా వీధి బోర్డులు చదువుకుంటూ తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి మా గుమ్మం ముందు తేలాడు. ఆరడుగుల మనిషి తలుపు దగ్గర వంగి లోపలికొస్తుంటే మా పాప "చంటి బాబాయ్ అంటే నాకన్నా చిన్నోడనుకున్నా!" అంది. నేనూ మా ఆయనా పడీ పడీ నవ్వాం.

సోమవారం ఉద్యోగంలో చేరాడు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే పని. మెడలో కార్డు, భుజాన సంచి, అందులో టార్చి, మీటరు గుంట మూత లేపడానికి ఒక ఇనప కొక్కెం. మా కాలనీ, పక్క కాలనీ వాడికే ఇచ్చారు. నత్తి ఉన్నవాడికి మాటతో పెద్దగా అవసరం లేని పని దొరికిందని మా ఆయన సంబరపడుతున్నారు. గేటు ముందు నిలబడి "నీళ్ళ మీటర్!" అని కేకేస్తే చాలు. ఆ రెండు మాటలే స్నానాలగదిలో కుళాయి తిప్పి మరీ ప్రాక్టీసు చేస్తున్నాడు.

ఇక నా సంగతి. ఇక్కడ బాగోలేదక్కా. ఫోన్లో చెబుదామంటే నీకు సగం వినపడదు, వినపడిన సగం ఇంకోలా వినపడుతుంది, అందుకే రాస్తున్నా. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట. మందుల షాపులో నా కౌంటరు దగ్గరకొచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఈ కబురు చెప్పి, ఆ తర్వాతే చీటీ ఇస్తున్నారు. ఎవరి పిల్లలు పోయారండీ అంటే "మన దగ్గర కాదు, పక్క కాలనీలో" అంటారు. పక్క కాలనీ నుంచి వచ్చినావిడని అడిగితే "మీ కాలనీలోనేగా!" అంది. నవ్వొచ్చింది. కానీ ఆ సాయంత్రం పాపని బడి నుంచి తీసుకొస్తూ, చెయ్యి నొప్పెడుతోందని అది ఏడ్చేదాకా నేనెంత గట్టిగా పట్టుకున్నానో నాకే తెలీలేదు.

కాలనీ సంఘం సెక్రటరీగారి భార్య ఆడవాళ్ళందరితో కాపలా దళం పెట్టింది. తలా ఒక విజిల్ ఇచ్చారు. కొత్త మనిషి కనిపిస్తే ఊదాలి. విన్నవాళ్ళంతా చేతిలో పని వదిలేసి పరిగెత్తాలి. నాదీ మెడలోనే ఉంది.

బావగారి మోకాలు ఎలా ఉందో రాయి.

ఇట్లు, నీ తోడికోడలు

ఫిబ్రవరి 10

చెల్లీ,

మీ బావగారు నీ ఉత్తరం పైకి చదివి వినిపిస్తానంటే లాక్కున్నాను. నాకు చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు. ఆయన మోకాలికేం, భేషుగ్గా ఉంది. పని చెప్పినప్పుడే నొప్పి. నేను బడి యూనిఫాంల కుప్ప మధ్య కూర్చుని రాస్తున్నా. పిల్లలందరూ ఈ ఏడు ఒక్కసారే లావయ్యారు, పాత కొలతలు ఒక్కటీ పనికిరావడం లేదు.

చంటి గురించి నీకు తెలియని సంగతులు కొన్ని చెప్పాలి. నువ్వు కోడలిగా వచ్చేసరికి వాడు పెద్దవాడైపోయాడు. అత్తగారు పోయేనాటికి వాడికి నడక వచ్చింది, మాట రాలేదు. నాకు సరిగ్గా వినపడదు, వాడికి సరిగ్గా నోరు తిరగదు. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ బతికేశాం, ఏ లోటూ రాలేదు. లోటల్లా బయటే. వాడికి భయమేస్తే మాట మొత్తానికి ఆగిపోతుంది. కళ్ళు పక్కకి తిప్పేస్తాడు. చూసేవాళ్ళకి ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. బళ్ళో ఎవడి పెన్ను పోయినా మేష్టారు వీడినే నిలబెట్టేవాడు. "నువ్వు తియ్యకపోతే తియ్యలేదని చెప్పొచ్చుగా?" అని. చెప్పగలిగితే కదా!

అందుకని ముందు వాడిని వెంటబెట్టుకుని వీధిలో నలుగురికీ చూపించు. మా మరిది అని చెప్పు. ఆ పని చేశాకే మిగతా పనులు.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ పుకారు నా చిన్నప్పుడూ ఉండేది. అప్పుడు గోనెసంచీలో వేసుకుపోయేవారు. ఇప్పుడు కారు కొనుక్కున్నట్టున్నారు. పాపని భయపెట్టకు.

మీ అక్క

ఫిబ్రవరి 19

అక్కా,

నువ్వు తేలిగ్గా రాశావు. ఇక్కడుంటే రాయలేవు. పక్క కాలనీలో ఒకావిడ వంటింటి కిటికీలోంచి చూస్తే, పొడుగాటి మనిషి ప్రహరీ పక్కన వంగి ఉన్నాడట. చేతిలో ఇనప చువ్వ. ఎవరు నువ్వంటే జవాబు లేదు. చరచరా వెళ్ళిపోయాడట. ఆ కబురు షాపులోనే విన్నాను. అది చంటే అయ్యుంటాడు. ఇంకెవరవుతారు? ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ భయమేసింది. ఎందుకో అడగకు.

ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకు. చంటి ముందున్న ఉద్యోగం ఎందుకు మానేశాడు? అక్కడేమైనా జరిగిందా? రోజూ సాయంత్రం ఒక్కడే ఎక్కడికో వెళ్ళి చీకటి పడే ముందు వస్తాడు. ఎక్కడికంటే "ఊ… ఊరికే" అంటాడు. పాపకి చాక్లెట్లు తెస్తాడు. మా ఇల్లు నీకు తెలుసుగా, రెండు గదులు. మా ఆయనకి మళ్ళీ మధ్యాహ్నం షిఫ్టు వేశారు, ఇంటికొచ్చేసరికి అందరం పడుకుంటాం. వాడు మా దగ్గర ఎన్నాళ్ళుంటాడో నీతో ఏమైనా అన్నాడా?

పాప నీకు ముద్దులు పంపింది.

నీ చెల్లి

ఫిబ్రవరి 26

చెల్లీ,

అర్థమైంది. రెండు గదులని గుర్తు చెయ్యక్కర్లేదు, ఆ రెండు గదులకీ తెరలు కుట్టింది నేనే. వాడు అడ్డమైతే అడ్డమని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ముందు ఉద్యోగం ఎందుకు మానేశాడా? ఫ్యాక్టరీ మూసేస్తే మానెయ్యక, గోడలకి కాపలా కాస్తాడా?

వేరే గది చూసుకోమని వాడికి నేను రాస్తాను. నువ్వు మొహాన అనక్కర్లేదు. కొత్త ఊళ్ళో ఒంటరిగా గది వెతుక్కోవడానికి వాడెన్ని గుమ్మాల ముందు నోరు తెరవాలో తలుచుకుంటే నాకు సూది చేతిలో నిలబడటం లేదు. అది నీ తప్పు కాదులే.

అక్క

మార్చి 5

అక్కా, అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. వాడి తిండి నాకు బరువనుకున్నావా? దేవుడి మీద ఒట్టు, అది కాదు. అసలు సంగతి రాయడానికి సిగ్గేసి చుట్టూ తిప్పి రాశాను. ఇప్పుడు తిన్నగా రాస్తున్నా.

నువ్వు చెప్పిన పని నేను చెయ్యలేదు. చంటిని ఎవరికీ చూపించలేదు. ముందు వారం తీరిక లేక. తర్వాత, కాపలా దళం మీటింగు జరిగింది. సెక్రటరీగారి మేడ మీద అందరం కూర్చున్నాం. "ఆ మాట్లాడని మనిషి" గురించే మాటలన్నీ. ఇళ్ళ ముందు ఆగి ఏవో అంకెలు ఎక్కించుకుంటున్నాడని, ఎన్ని గేట్లు దాటితే ఎవరి పిల్లలో గుర్తు పెట్టుకుంటున్నాడని. నీళ్ళ మీటర్లు చూసే అతనేమో అని ఒకావిడ అంది. "దొంగకి ఏదో ఒక వేషం ఉండాలిగా" అని ఇంకొకావిడ. అప్పుడు సెక్రటరీగారి భార్య చుట్టూ చూసి, "మీలో ఎవరికైనా తెలుసా వాడెవడో?" అంది. నేను నా కాళ్ళ వేళ్ళు చూసుకున్నాను.

ఎందుకంటే ఏం చెప్పను? ఈ కాలనీకొచ్చిన ఇన్నాళ్ళకి మొదటిసారి నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. పక్కావిడ తన కుర్చీ జరిపి చోటిచ్చింది. ఆ వెచ్చదనంలోంచి లేచి "మావాడే" అంటే, అందరి కళ్ళూ నా వైపు తిరుగుతాయి. ఆ కళ్ళు ఎలా ఉన్నాయో నువ్వు చూడలేదు.

ఇంకా ఘోరం విను. వాళ్ళ మాటలు నాలోకీ దిగాయి. పాపని వాడి దగ్గర వదిలి షాపుకి వెళ్ళడం మానేశాను. వాడు చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. చాక్లెట్ తెచ్చి పాపకివ్వకుండా నా చేతికివ్వడం మొదలుపెట్టాడు.

మొన్న సాయంత్రం వాడి వెనకాలే వెళ్ళాను. రైలు గేటు దాటి, కట్ట మీద నిలబడ్డాడు. గూడ్సు బండి వచ్చింది. పెట్టెలన్నీ ధనధనమంటూ పోతుంటే, ఆ మోతలో వాడు గొంతెత్తి అరుస్తున్నాడు. "నీళ్ళ మీటర్! అమ్మా, గేటు తీస్తారా! నేను నీళ్ళ ఆఫీసు నుంచి వచ్చానండీ!" ఒక్క తడబాటు లేదక్కా. బండి వెళ్ళిపోగానే మళ్ళీ మామూలు మనిషి. నేను తుమ్మచెట్టు చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పై ఆదివారం మా ఆయనకి సెలవు, ఆ రోజు అందరికీ చెప్పేస్తాను. ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్తాను. వాడికి గది సంగతి రాయకు.

నీ పిచ్చి చెల్లి

మార్చి 11

వాడి దగ్గర పాపని వదలడం మానేశావా?

నీ కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో నీ పక్కన నిలబడింది ఎవరు? మీ ఆయనకి షిఫ్టు, నాకు జ్వరం. పసిగుడ్డుని నర్సు చేతిలోంచి ముందు అందుకున్నది వాడు. ఒళ్ళంతా వణుకుతూ, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడని నువ్వే చెప్పావు.

ఆదివారం దాకా ఎందుకు? ఇవాళే చెప్పు. ఇంకేం రాయలేను. చెయ్యి కోపంగా ఉంది.

మార్చి 13

అక్కా,

ముందు ఇది చదువు. చంటికి ప్రాణాపాయం లేదు. ఎడమ చెవి దగ్గర కుట్లు పడ్డాయి. భుజం వాచింది, విరగలేదన్నారు. ఇప్పుడు పక్క గదిలో పడుకున్నాడు. పాప వాడి కాళ్ళ దగ్గర కూర్చుని బొమ్మలేస్తోంది. నీ కోపం ఉత్తరం ఇవాళే చేరింది. నువ్వు ఇవాళే చెప్పమన్నావు. అప్పటికే ఒకరోజు ఆలస్యమైంది.

నిన్న మధ్యాహ్నం షాపులో నేనూ, షాపాయనా ఉన్నాం. ఒక చీటీ చూసి మాత్రలు తీస్తున్నా. విజిల్ మోగింది. వెంటనే ఇంకోటి, ఆ తర్వాత వీధి వీధంతా. చెప్పులు లేకుండా పరిగెత్తే కాళ్ళ చప్పుడు. నాకు ముందు తోచింది మన పాపే. బడిలో ఉందని తెలిసీ గుమ్మంలోకి ఉరికాను.

ఎదురింటి గేటు దగ్గర గుంపు. మధ్యలో చంటి తల కనిపిస్తోంది. తర్వాత తెలిసింది, గేటులో ఆడుకుంటున్న పిల్లని అమ్మని పిలవమని అడగబోయాడు. మాట రాలేదు. చెయ్యి చాపి లోపలికి చూపించాడు. రెండో చేతిలో కొక్కెం. పిల్ల జడుసుకుని ఏడ్చింది. మేడ మీదావిడ చూసింది, ఊదింది.

"ఎవడ్రా నువ్వు?" "పేరు చెప్పు!" "ఏ ఊరు?" నలుగురూ నాలుగు వైపుల నుంచి. వాడి నోరు తెరిచే ఉంది, మాట లేదు. మెడలో కార్డు తీసి చూపించబోతే ఎవరో పుటుక్కున తెంపారు. "ఇలాంటివి ఎవడైనా వేయించుకోవచ్చు!" మొదటి దెబ్బ చేతికర్రతో పడింది. ఆ కర్ర నాకు తెలుసు. దాన్ని మా కౌంటరుకి ఆనించి, "తొందరేం లేదమ్మా" అంటూ బీపీ మాత్రలు తీసుకెళ్ళే ముసలాయనది.

అప్పుడు వాడు తలల మీదుగా నన్ను చూశాడు. పిలవలేదక్కా. చూసి, కళ్ళు పక్కకి తిప్పేసుకున్నాడు. నన్ను ఇరికించకూడదనుకున్నాడో, నేను రానని నిశ్చయం చేసుకున్నాడో.

"మావాడే!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. గుంపులో పడి తోసుకుంటూ వెళ్ళి మళ్ళీ అరిచాను. "మా మరిదండీ! వదలండి!" సెక్రటరీగారి భార్య ఒక్కసారి నా వైపు తిరిగింది. "నీ మరిదా? మరి మొన్న మీటింగులో నోరెందుకు మెదపలేదు?" అంతలోనే వెనక నుంచి ఎవరో "ఇద్దరూ ఒకటే!" అన్నారు. నా జుట్టు ఎవరి చేతిలోనో ఉంది.

మా షాపాయన నీకు తెలుసుగా, చిల్లర లేకపోతే పళ్ళు కొరికే మనిషి. ఆయన షట్టరు లాగే కడ్డీ పట్టుకుని వచ్చి మా ఇద్దర్నీ లోపలికి ఈడ్చి షట్టరు దించేశాడు. ఒక్కసారిగా చీకటి. అట్టపెట్టెల మధ్య చంటిని కూర్చోబెట్టి చెవికి దూది నొక్కిపట్టాను. షట్టరు మీద పడే ఒక్కో దెబ్బకీ అరల్లో సీసాలు గలగలలాడాయి. బయటి గొంతులన్నీ తెలిసినవే. ఏ గొంతుకి ఏ దగ్గుమందో చెప్పగలను. "పెట్రోలు తెండి" అన్నది ఎవరో కూడా గుర్తుపట్టాను. ఆ మాట కాయితం మీద పెట్టను, రేపు మళ్ళీ ఆ మనిషి మొహం చూసి మందివ్వాలి.

షాపాయన పోలీసులకి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా షట్టరుకి వీపు ఆనించి నిలబడ్డాడు. చేతిలో కడ్డీ వదల్లేదు.

ఇంతకన్నా రాయలేను.

చెల్లి

మార్చి 21

చెల్లీ,

చంటిని తీసుకురావడానికి మీ దగ్గరికొచ్చిన మీ బావగారు నిన్న తిరిగొచ్చారు, ఒక్కరే. చంటి రానన్నాడట. బండెక్కించడానికి చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడట. వాడు మా మాట కాదనడం ఇదే మొదలు. నువ్వేమైనా ఆపావా? నీ తప్పు దిద్దుకోవడానికి వాడినక్కడ ఉంచుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. వాడు ఆ వీధిలో మళ్ళీ నడుస్తాడంటే ఇక్కడ నాకు కుట్టు మీద ధ్యాస నిలవడం లేదు. గుమ్మంలో నీడ పడితే చాలు టెలిగ్రామేమో అన్నట్టు ఉలిక్కిపడుతున్నా. టెలిగ్రాములు ఇప్పుడు లేవని మీ బావగారు విసుక్కుంటున్నారు.

ఒక్కటి అడుగుతా. నిజం చెప్పు, కొట్టనులే. వాడిని చూసిన దగ్గర్నుంచి "మావాడే" అనేదాకా ఎంతసేపు పట్టింది?

అక్క

ఏప్రిల్ 2

అక్కా,

చేతిలో ఉన్న చీటీ మీద మందుల పేర్లు పైనుంచి కిందకి చదివాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. అంతసేపు.

నేను ఆపలేదు. వెళ్ళమన్నాను, బతిమాలాను. "వె… వెళ్తే, నే… నేనే అనుకుంటారు" అన్నాడు. అంతే. కుట్లు విప్పించుకుని సంచి తగిలించుకున్నాడు.

వాడు నిజంగా నీళ్ళ ఆఫీసు మనిషేనని పోలీసులు తేల్చాక, ఒక్కొక్కరూ పళ్ళు పట్టుకుని వచ్చారు. ముసలాయన కూడా వచ్చాడు, కర్ర బయట గోడకి ఆనించి. అందరిదీ ఒకటే మాట. "అడిగినప్పుడు చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదమ్మా!" కొట్టడం తప్పని ఒక్కరూ అనలేదు. కొట్టించుకున్నందుకు మమ్మల్ని క్షమించి వెళ్ళినట్టుంది. నేను కాఫీలు కలిపిచ్చాను. ఇవ్వకపోతే ఏమవుతుందో అని.

ఇప్పుడు అసలు భయం చెబుతా. పోయిన వారం సెక్రటరీగారి భార్య వచ్చి చంటి మెడలో విజిల్ వేసింది. "ఇంటింటికీ తిరిగేవాడివి, నీకన్నా బాగా ఎవరు కనిపెడతారు? నువ్విప్పుడు మనవాడివి" అంది. వాడు రెండు చేతులతో పట్టుకున్నాడక్కా, బహుమతిలా. ఇప్పుడు వాడు వీధిలో నడుస్తుంటే అరుగుల మీద నుంచి "ఏం చంటీ!" అని పలకరింపులు. పిల్లలు వెంటపడుతున్నారు. వాడి మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

మొన్న భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుంటూ, "వీధి మూల ఒకడున్నాడు చిన్నొదినా. మనవాడు కాదు. చూపు తేడాగా ఉంది" అన్నాడు. ఒక్క అక్షరం తడబడలేదు.

చెల్లి

ఏప్రిల్ 9

చెల్లీ,

కొడితే భయం, పిలిచి పెద్దపీట వేస్తే భయం. నీకు ఏది జరిగితే బాగుంటుందో నువ్వే చెప్పు. నా బిడ్డ నలుగురిలో తడబడకుండా మాట్లాడాడని చదివి, ఆ ముక్క మీ బావగారికి నేనే పైకి చదివి వినిపించాను. వీధి వీధంతా వినే ఉంటుంది, నా గొంతు సంగతి తెలుసుగా. ఈ రోజు కోసం ఎన్నేళ్ళు చూశానో. వాడి సంతోషానికి దిష్టి పెట్టకు.

వాడికి కొత్త చొక్కా కుట్టి పంపుతున్నా.

అక్క

ఏప్రిల్ 17

అక్కా,

చొక్కా అందింది, చేతులు కాస్త పొట్టి అయ్యాయి. నీ సంతోషాన్ని పాడు చెయ్యాలని కాదు గానీ, నేను చెప్పేది నీకు అర్థం కాలేదు. వాడు మాట్లాడటం కాదు నా భయం, ఆ మాట వచ్చిన చోటు

ఇప్పుడే విజిల్ మోగింది. దగ్గర్లోనే. వెళ్తున్నా.

వచ్చాను. మధ్యాహ్నం దాటింది. అక్షరాలు గీత తప్పుతాయి, సర్దుకుని చదువుకో.

ఊదింది చంటే. నేను వెళ్ళేసరికి పార్కు గోడ దగ్గర ఒకావిడని చుట్టుముట్టారు. చిన్న వయసు, దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు, భుజం మీద ఏడుస్తున్న బిడ్డ. బిడ్డ తెల్లగా ఉంది, ఆవిడ నలుపు. అదే వాళ్ళకి దొరికిన సాక్ష్యం. "ఎవరి బిడ్డ?" "నీ బిడ్డయితే ఎందుకేడుస్తోంది?" ఆవిడ పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అప్పటికే ఎవరో బిడ్డ కాళ్ళు పట్టుకుని లాగుతున్నారు.

ఊదినవాడు కాబట్టి చంటి అందరికన్నా ముందున్నాడు. ఆవిడ మొహం వాడికి మూరెడు దూరంలో ఉంది. వాడు ఆ మొహం చూశాడు. ఆ చూడటం నేను చూశాను.

"ఆ… ఆ… ఆ…" అన్నాడు. చెయ్యి అడ్డం పెట్టాడు. అంత నత్తి నేనెప్పుడూ వినలేదు. మెడ నరాలు తేలాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. సెక్రటరీగారి భార్య "ఆమె దొంగే అంటావా?" అని వాడి మాట పూర్తి చెయ్యబోయింది. వాడు తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ… ఆ… ఆగండి." మళ్ళీ, "ఆ… ఆవిణ్ణి… చె… చె…" గుంపంతా వాడి నోటి వైపే చూస్తోంది. పిలిచింది వాడే కదా, వాడేమంటాడో వినాలి కదా. కాళ్ళు పట్టుకున్నావిడ కూడా వదిలేసి వింటోంది. నేను దూరి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశాను.

"చె… చెప్పనివ్వండి" అని వాడు పూర్తి చేసేసరికి ఆవిడకి ఊపిరి అందింది. "పిల్లల డాక్టరుగారి ఇల్లు ఎక్కడండీ?" అంది. "పాపకి జ్వరం. ఎవర్ని అడిగినా తలుపులు వేసేసుకుంటున్నారు."

తప్పైందని ఒక్కరూ అనలేదు. ఒకావిడ మాత్రం లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. మిగతావాళ్ళు కూరలు మాడిపోతున్నట్టు హడావిడిగా ఇళ్ళల్లోకి పోయారు.

షాపుకి తీసుకెళ్ళాం. షాపాయన ఫోన్ చేస్తే డాక్టరుగారే దిగి వచ్చారు. ఆయన బిడ్డని చూస్తుంటే చంటి గుమ్మం మీద కూలబడ్డాడు. "నే… నేనే ఊదాను చిన్నొదినా" అన్నాడు. తెలుసన్నాను. నేల చూస్తూ, "ఊ… ఊదితే ఎంత బాగుందో తెలుసా? అం… అందరూ పరిగెత్తుకొచ్చారు. నా… నా కోసం" అన్నాడు. మేడ మీద మీటింగులో కుర్చీ జరిపి నాకు చోటిచ్చినప్పుడు నాకూ అంత బాగానే ఉంది. వాడి పక్కన ఆ గుమ్మం మీదే కూర్చున్నాను. వాడు లేచి మెడలోంచి విజిల్ తీసి కౌంటరు మీద పెట్టాడు. నాదీ పెట్టాను.

బస్సు స్టాపుకి ఆవిడతో మేమూ బయల్దేరాం. ఆవిడ కాళ్ళు తేలిపోతున్నాయి. చంటి చేతులు చాపితే, ఒక్క క్షణం వాడి మొహం చూసి, బిడ్డనిచ్చేసింది. అలా వెళ్ళామక్కా, ఆ వీధిలోంచే, పట్టపగలు. ఆరడుగుల మనిషి భుజం మీద ముక్కూ మొహం తెలియని బిడ్డ. ప్రతి కిటికీలో తెర కదిలింది. ఏ క్షణాన విజిల్ మోగుతుందోనని నా వీపంతా చెవులైపోయింది.

సెక్రటరీగారి భార్య గేటులో నిలబడి ఉంది. ఏదో అనబోయింది. చంటి ఆగాడు. పారిపోదాం రా అని లోపల్లోపల అరుస్తున్నా. వాడు బిడ్డని సర్దుకుని ఆవిడ కళ్ళలోకే చూస్తూ, "రే… రేపు, మీ… మీ ఇంటి నీ… నీళ్ళ మీటరు చూ… చూస్తానండీ. గే… గేటు తీ… తీసి ఉంచండి" అన్నాడు. నువ్వు నమ్మవు, ఆ మాట అయ్యేదాకా ఆవిడ కదలకుండా నిలబడి వింది. చివరికి "సరే" అంది.

బస్సు మలుపు తిరిగాక గానీ నాకు ఊపిరాడలేదు. రేపు ఆ గేటు తీసి ఉంటుందో లేదో తెలీదు. వాడితో పాటు నేనూ వెళ్తాను. నువ్వు ఫోన్ చెయ్యకు, ఉత్తరమూ రాయకు. బట్టలు సర్దుకుని బస్సెక్కు.

ఎదురుచూస్తూ,
చెల్లి